డిజిటల్ బోర్డు మీద చట్టం చూపండి

బడుల్లో, కాలేజీల్లో రాజ్యాంగ పీఠిక చదివించి తీరాలని 2023 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం నిర్ణయించింది. మంచిదే. కానీ డిజిటల్ బోర్డు మీద పీఠిక వేసి పిల్లలచేత గొంతు కలిపించడం, రాజ్యాంగ దినమైన నవంబరు 26న ఆన్‌లైన్ క్విజ్ పెట్టి సర్టిఫికెట్లు పంచడం ఎక్కాలు అప్పజెప్పించడంతో సమానం.

బెంగళూరులోని బెళ్ళందూరు బడుల్లో ఆ బోర్డు మీదకు ముందు ఊరి చెరువు రావాలి. 2018 జనవరిలో అందులో లేచిన మంటలార్పడానికి సైన్యం దిగింది. పాత, కొత్త ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి, వాననీటిని మోసే రాజకాలువలు ఎక్కడ పూడిపోయాయో పిల్లలనే వేలితో గీయమనండి. శుభ్రమైన నీరు, గాలి 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో చెప్పిన మాట అప్పుడిక బట్టీ పట్టక్కర్లేదు. 2020 జనవరిలో ఆ దగ్గర్లోని కరియమ్మన అగ్రహారంలో వలస కూలీల గుడిసెలు కూల్చేస్తే హైకోర్టు తప్పుబట్టింది. అదీ పాఠమే. వివాదమవుతుందని హెడ్మాస్టర్లు జంకుతారు. కోర్టు ఉత్తర్వు చదవడానికి జంకెందుకు?

చదువు హక్కు చరిత్రయితే మన ఇంటిదే. తుమకూరు మెడికల్ కాలేజీ ఫీజుపై 1992లో తీర్పొచ్చిన మోహినీ జైన్ కేసులో ప్రతివాది కర్ణాటక. 1993 ఉన్నికృష్ణన్ కేసులో ఆంధ్రప్రదేశ్. పద్నాలుగేళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కని తేలింది ఈ రెండో కేసులోనే. 2002లో అది 21ఎ అధికరణగా రాజ్యాంగంలోకెక్కింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

వయసు రుజువు లేదని పిల్లను బడిలో చేర్చుకోకపోవడం ఆ చట్టం 14వ సెక్షన్ ప్రకారం కుదరదు. రేకుల షెడ్లలో ఉంటూ అపార్ట్‌మెంట్లు కట్టే రాయలసీమ, కలబురగి, బెంగాల్ కూలీలకు తెలియాల్సింది ఈ ఒక్క వాక్యం. ఏడో తరగతి పిల్ల ఫోన్లో దాన్ని తెలుగులో అమ్మకు వినిపించి, తమ్ముణ్ని చేర్పించడానికి బడికి తీసుకెళ్లగలగాలి.

అందుకని ప్రభుత్వం ఈ చట్టాన్ని కన్నడ, తెలుగు, హిందీ, బెంగాలీల్లో ఆడియోతో బడి పాఠాల దీక్షా పోర్టల్‌లో పెట్టాలి. వారానికో పీరియడ్ ఇవ్వాలి. ఆ పీరియడ్‌లో పిల్లలు అర్జీ రాయడం, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడం నేర్చుకోవాలి. కార్పొరేట్ బడులకూ మినహాయింపు వద్దు. పేదలకు 25 శాతం సీట్లన్న నిబంధనను, ప్రభుత్వ బడి దగ్గర్లో ఉంటే అక్కర్లేదంటూ ఈ రాష్ట్రమే కుదించిన సంగతి అక్కడి పిల్లలూ చదవాలి.

తమ బడి మీదే అర్జీ పెడతారేమోనని యాజమాన్యాలు గునుస్తాయి. పెట్టనివ్వండి. బెత్తాన్ని నిషేధించిన 17వ సెక్షన్‌తోనే మొదలుపెట్టనివ్వండి.