సొరుగుల బీరువా కొనేముందు చీరలు లెక్కపెట్టండి

ప్యారిస్, లండన్ వంటి నగరాలలో ఉద్యోగరీత్యా కాపురము పెట్టిన మన పిల్లలు ఈ మధ్య ఒకే ప్రశ్నను రకరకాలుగా అడుగుతున్నారు. చెక్కపొట్టు అతికించి చేసిన కొత్త బీరువాలు రెండు ఇళ్లు మారేసరికి మూలలు ఊడిపోతున్నాయి. పాత సామాను అంగళ్లలో మాత్రము 1950ల నాటి ఫ్రెంచి సొరుగుల బీరువాలు, పొడవాటి బఫెట్లు ఇంకా గట్టిగా నిలిచి ఉన్నాయి. కొనవచ్చునా, కొంటే ఏమి చూచి కొనాలి అని వారి ప్రశ్న. "ఎవరో వాడి వదిలేసినది మనకెందుకమ్మా" అని ఇక్కడి తల్లులు ఫోనులో అంటున్నారట. ఆ మాట అన్నది బీరువా గురించి గనుక ఒక్క సంగతి చెప్పాలి. బీరువా అనే మాటే ఫ్రెంచివారి 'బ్యూరో' నుండి మనకు వచ్చిందని చెబుతారు. మాటను తెచ్చుకొని అంతగా వాడుకున్నాము, వస్తువుకు అభ్యంతరమెందుకు?

కొనవచ్చును. అయితే అంగడికి వెళ్లకముందు ఇంట్లో చేయవలసిన పని ఒకటున్నది. టేపు, కాగితము తీసికొని కూర్చోండి. మడిచిన పట్టుచీర ఎంత వెడల్పు, చీరల దొంతర ఎంత ఎత్తు, హ్యాంగరుకు వేసే చొక్కాలు ఎన్ని, దుప్పట్లు ఎన్ని, పెద్ద గిన్నెలు ఎక్కడ పెడతారు, ఇవన్నీ రాయండి. హ్యాంగరుకు బట్టలు అడ్డముగా వేలాడాలంటే బీరువా లోతు సుమారు 55 సెంటీమీటర్లయినా ఉండాలి. పాత ఫ్రెంచి బఫెట్లు అనేకము అంత లోతు ఉండవు, అవి పళ్లేలకు, మేజాబల్ల గుడ్డలకు చేసినవి. దానిని చూచి ముచ్చటపడి కొని, తీరా చొక్కాలు పట్టక తలుపు మూసుకోకపోతే ఆ ముచ్చట ఎన్నాళ్లు? మెట్లదారి, తలుపు, లిఫ్టు కొలతలు కూడా అదే కాగితము మీద ఉండాలి.

ఈ సలహా మా సొంతము కాదు. ఆ వస్తువులు తయారు చేసినవారే ఇలా మొదలుపెట్టారు. 1944 సెప్టెంబరులో బాంబుదాడులకు ఫ్రాన్సు ఓడరేవు ల హావ్ర్ నడిబొడ్డు నేలమట్టమైంది. సుమారు 80,000 మందికి నిలువ నీడ లేకపోయింది. వాస్తుశిల్పి ఒగూస్త్ పెరే ఆధ్వర్యములో నగరమును కాంక్రీటుతో మళ్లీ కట్టారు. కొత్త ఇళ్లు చిన్నవి. తాతలనాటి భారీ చెక్క బీరువాలు వాటిలో పట్టవు, అసలు చాలామందికి అవీ మిగలలేదు. ఆ కుటుంబాల కొరకు రెనే గాబ్రియేల్, అదే ఊరిలో 1907లో పుట్టిన మార్సెల్ గాస్కోఁ వంటివారు తేలికైన, చవకగా ఎక్కువ సంఖ్యలో చేయగలిగిన ఓకు చెక్క సామాను రూపొందించారు. గాస్కోఁ అయితే ఇంట్లో ఉండే బట్టలు, పాత్రలు ముందుగా కొలిచి, ఆ కొలతలకు సరిపోయేలా సొరుగులు, అరలు నిర్ణయించాడు. లోపల పెట్టేది ముందు, పైకి కనిపించేది తరువాత. అందుకే ఆ బీరువాలలో వృథా అయ్యే జాగా తక్కువ, ఈనాటి రెండు గదుల ఇంటికి కూడా అవి చక్కగా సరిపోతాయి. ల హావ్ర్ 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ కాలపు సామానుతో అలంకరించిన నమూనా ఇల్లు ఒకటి అక్కడ సందర్శకులకు చూపుతారు. ఆ దేశములో ఉన్నవారు కొనేముందు ఒకసారి చూచి రావడము మంచిది.

పేర్ల విషయములో మా అభిప్రాయము సూటిగా చెబుతాము. షార్లెట్ పెరియాఁ గొప్ప కళాకారిణి, ఇల్లు అమర్చుకోవడములో సామాను సర్దుకునే ఏర్పాటే ప్రధానమని నమ్మిన మనిషి. 1952లో ప్యారిస్ విశ్వవిద్యాలయ నగరములో విద్యార్థుల గదుల కొరకు ఆమె రూపొందించిన పుస్తకాల అరలు జాఁ ప్రూవే కార్ఖానాలో తయారయ్యాయి. విద్యార్థులు పుస్తకాలు పెట్టుకున్న ఆ అరలే ఇప్పుడు వేలములలో లక్ష యూరోలు దాటిన సందర్భాలున్నాయి. జీతముతో ఇల్లు నడిపేవారు ఆ పోటీలోకి దిగనక్కరలేదు. అదే కాలములో పేరులేని వడ్రంగులు, చిన్న కార్ఖానాలు అదే పద్ధతిలో చేసిన గట్టి వస్తువులు అందులో కొద్దిపాటి ధరకే దొరుకుతాయి. మేమైతే వాటినే కొనమంటాము.

పేరు చెప్పి అమ్మేవారితో మరో జాగ్రత్త. లె కొర్బూజియే బంధువు పియర్ జన్నెరె 1951 నుండి 1965 వరకు మన చండీగఢ్‌లో ఉండి, అక్కడి కార్యాలయాలకు టేకు కుర్చీలు, బీరువాలు, ఫైళ్ల అరలు చేయించాడు. తరువాత వాటిని పనికిరాని సామాను కింద వేలము వేశారు, విదేశీ వ్యాపారులు కొనుక్కుపోయి పెద్ద ధరలకు అమ్మారు. 2011లో కేంద్ర హోం శాఖ అడ్డుకట్ట వేసేవరకు ఇది సాగింది. నకళ్లు కూడా పుట్టుకొచ్చాయి. వెనుక తెల్లరంగుతో శాఖ పేరు, అంకెలు రాసి ఉన్నంత మాత్రాన అసలుదని నమ్మకండి, రంగు ఎవరైనా వేయగలరు. అది ఎక్కడి నుండి వచ్చిందో చూపే కాగితము లేకపోతే మామూలు టేకు బీరువా ధరే ఇవ్వండి.

వస్తువు ముందు నిలబడినప్పుడు ముఖము చూడకండి, సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేయండి. మూలలు పావురము తోక ఆకారములో కోసి ఒకదానిలో ఒకటి దిగవేసినవైతే మంచి పని. మేకులు మాత్రమే ఉంటే ధర తగ్గించమనండి. చిన్న చిన్న రంధ్రాలుండి వాటి కింద లేత రంగు పొడి రాలుతుంటే పురుగు బతికే ఉన్నది, ఇంటికి తేవద్దు. రంధ్రాలుండి పొడి లేకపోతే భయము తక్కువ. సొరుగు బిగుసుకుంటే చింతలేదు, అది జారే పట్టీలకు కొవ్వొత్తి రుద్దితే సరిపోతుంది. పైన అతికించిన పలుచని పొర అంచులలో లేచి ఉంటే, విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లకు ఎప్పటికైనా తీసుకువచ్చే ఆలోచన మానుకోండి. పాత రంగు పూసినవాటిలో సీసము ఉండవచ్చు, పసిపిల్లలున్న ఇంట్లో గీకడము గాని, సాండ్‌పేపరు పట్టడము గాని వద్దు.

అన్నిటికంటె ముఖ్యమైనది పిల్లల సంగతి. నడక నేర్చిన బిడ్డకు తెరిచిన సొరుగులు మెట్లవలె కనిపిస్తాయి. రెండు మూడు సొరుగులు ఒకేసారి బయటికి వచ్చి వాటి మీద బిడ్డ ఎక్కితే బీరువా ముందుకు తలకిందులవుతుంది. ఇటువంటి మరణాలు జరిగిన తరువాతనే అమెరికా 2022లో చట్టము చేసింది. 2023 సెప్టెంబరు నుండి అక్కడ కొత్తగా తయారయ్యే ప్రతి సొరుగుల బీరువా ఒరిగిపోకుండా నిలిచే పరీక్షకు నిలవాలి. 70 ఏళ్లనాటి వస్తువుకు ఆ పరీక్ష ఎవరు చేశారు? కనుక ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు రెండు కొని, బీరువా వెనుక చట్రమును గోడకు బిగించండి. వెనుక పలుచని ప్లైవుడ్‌కు కాదు, చట్రానికే. బరువైనవి అడుగు సొరుగులలో సర్దండి, పై భాగములో టీవీ, బొమ్మలు పెట్టకండి. అద్దె ఇల్లయితే గోడకు రంధ్రము వేయడానికి ఇంటివారి అనుమతి ముందే అడగండి. వారు ఒప్పుకోకపోతే, పిల్లలు పెద్దవారయ్యేవరకు ఎత్తైన సొరుగుల బీరువా వద్దు. తలుపులున్న పొట్టి బఫెట్ ఒకటి చూచుకోండి.