తునకల కూరకు ఏ వైన్? (మా తిండి - 7)

గెవుర్ట్స్‌ట్రామినర్ తాగిన మొన్న. ఫ్రాన్స్‌ల అల్సాస్ తెల్ల వైన్. గ్లాసు ముక్కు దగ్గర పెడితే గులాబీ, లిచీ పండు. ఏదీ కలిపింది కాదు, ద్రాక్ష వాసనే అది. పులుపు తక్కువ. అక్కడోళ్లు దీన్ని మున్‌స్టర్ చీజ్‌తో తాగుతరు. ఆ చీజ్ కంపు గది దాటి పోతది, అయినా దాన్ని సంస్కృతి అంటరు!

మా ఇంట్ల తునకలు ఉడికితే ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమన్నడు. 2012 ఏప్రిల్‌ల ఉస్మానియాల బీఫ్ పండుగ చేసుకుంటే దాడి చేసిండ్రు. ముక్కు మూసుకునేది మా కులాన్ని చూసి.

ఈ వైన్ 'ఇండియన్ కర్రీ'కి మంచి జోడీ అంటరు. ఎవరి కర్రీ? పనీరా? నేను తునకలతోనే తాగి చూసిన. చింతపండు పులుసుల వైన్ చప్పబడ్డది, ఒప్పుకుంట. కారం వేసి వేయించిన తునకలతో మాత్రం, తమ్ముళ్లూ, గ్లాసు ఖాళీ.