మీటరు వద్ద లేని స్వేచ్ఛ

ఘాజియాబాదు నగరపు సాహిబాబాదు పారిశ్రామికవాడయందు 1974లో నెలకొల్పబడిన సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ అను ప్రభుత్వరంగ సంస్థలో 1977వ సంవత్సరమున భారతదేశపు మొట్టమొదటి సౌరఘటము రూపొందినదనియు, మరుసటి యేటనే మొదటి సౌరఫలకము వెలువడినదనియు ఘాజియాబాదులో కాపురముండు వారిలోనే పలువురెరుగరు. అదే సంస్థ ఆవరణమున 2025లో ముప్పది మెగావాట్ల గ్రీన్ డేటా సెంటరునకు శంకుస్థాపన జరుగుటతో ఆ పాత చరిత్రము మరల ప్రస్తావనకు వచ్చినది. దానితోపాటు ఒక ప్రశ్నయు ముందునకు వచ్చినది. ఫోనులో మనము చూచు వీడియోకును, పాలవానికి పంపు చెల్లింపునకును ఎక్కడనో రేయింబవళ్లు పనిచేయుచున్న యంత్రములు తినుచున్న విద్యుత్తు ఎండనుండి వచ్చినదా, గాలినుండి వచ్చినదా, బొగ్గునుండి వచ్చినదా యని అడుగు అధికారము మనకు కలదా? కలదనియు, అది మన యింటి కరెంటు విషయమున మనకున్న అధికారముకన్న పెద్దదనియు నా విశ్వాసము.

అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025లో ప్రకటించిన అంచనా ప్రకారము, అంతకు ముందటి సంవత్సరము ప్రపంచమందలి డేటా సెంటర్లు వినియోగించిన విద్యుత్తు సుమారు 41,500 కోట్ల యూనిట్లు, అనగా లోకమంతయు వాడు విద్యుత్తులో నూటికి ఒకటిన్నర పాలు. 2030 నాటికి అది రెట్టింపును మించి 94,500 కోట్ల యూనిట్లకు చేరవచ్చును. ఈ వృద్ధిలో మన ఢిల్లీ పరిసరములకును భాగము కలదు. 2021లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము డేటా సెంటర్లకొరకు ప్రత్యేక విధానమును ప్రకటించినది. 2022లో గ్రేటర్ నోయిడాయందు యోట్టా వారి కేంద్రము ప్రారంభమైనది. అక్కడికి అనతిదూరమున, ఒకప్పుడు ఘాజియాబాదు జిల్లాలోనిదైన దాద్రియందు, ఝార్ఖండ్ గనుల బొగ్గును రైళ్లపై తెప్పించుకొని మండించు ఎన్‌టీపీసీ వారి 1,820 మెగావాట్ల విద్యుత్కేంద్రము నిలిచియున్నది. ఏ తీగలోని విద్యుత్తు ఏ కొలిమిలో పుట్టినదో గ్రిడ్డులో కలిసిన పిమ్మట వేరుచేయుట ఎవరి తరమును కాదు; అయినను దేశమున స్థాపిత సామర్థ్యములో సగభాగము శిలాజేతరమైనదని 2025లో మనము సంతోషించిన మాట నిజమే గాని, వాస్తవముగ ఉత్పత్తియగు విద్యుత్తులో సింహభాగము నేటికిని బొగ్గుదే యన్నది అంతకంటె గట్టి నిజము. 2019 సంవత్సరపు సగటు లెక్కలలో ప్రపంచమందలి నగరములన్నిటికంటె మలినమైన గాలి ఘాజియాబాదుదేయని ఐక్యూఎయిర్ నివేదిక పేర్కొన్నది. ఆ మాలిన్యమునకు డేటా సెంటర్లే కారణమనుట అన్యాయము. వాహనములు, ఇటుకబట్టీలు, కర్మాగారములు, పంటచెత్త మంటలు, అన్నియు కలిసి తెచ్చిన దుస్థితి యది. కాని ఇట్టి ఊపిరితో బ్రతుకు ఊరికి క్రొత్తగా వచ్చు ప్రతి మెగావాటును గూర్చి ప్రశ్నించు హక్కు ఇతరులకన్న ఒక పిసరు ఎక్కువగనే యుండును.

ఇంటి మీటరు సంగతి చూడుడు. ఘాజియాబాదు గృహస్థునకు కరెంటిచ్చునది పశ్చిమాంచల్ విద్యుత్ వితరణ్ నిగమ్ ఒక్కటే. దానిపై అలిగి వేరొక సంస్థను ఆశ్రయించుటకు వానికి దారి లేదు, మేడపైకప్పు పదుగురిదైన ఫ్లాటులోనివానికి స్వంత సౌరఫలకములు బిగించుకొనుటయు సులభము కాదు. అదే గృహస్థుడు ఫోను చేతబట్టినంతనే రాజగును. ఈ చెల్లింపుల యాప్ కాకున్న మరియొకటి, ఈ మెయిలు కాకున్న ఇంకొకటి, ఈ ధారావాహికలు కాకున్న వేరొక వేదికవి. మరియు, తనకు లేని స్వేచ్ఛ ఆ కంపెనీకి కలదు: 2022 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ వెలువరించిన గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు, అంతవరకు ఒక మెగావాటుగ నున్న పరిమితిని నూరు కిలోవాట్లకు దించి, అంతకు మించిన అవసరముగల వారెవరైనను రాజస్థాన్ ఎండనో అనంతపురము గాలినో నేరుగ కొనుగోలు చేయుటకు వీలు కల్పించినవి. అనగా విద్యుత్తును ఎన్నుకొనజాలని మనము, విద్యుత్తును ఎన్నుకొనగల వానిని ఎన్నుకొనుచున్నాము. మీటరు వద్ద మూగవాడైన వినియోగదారునకు ఈ మార్గమున నోరు లభించినది. లభించిన నోటిని వాడకుండుటయే మన తప్పు.

నోరు వాడిన చోట ఫలము దక్కినది. 2010లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రమున, ప్రైన్‌విల్ అను చిన్న పట్టణమందు, బొగ్గుపై ఎక్కువగ ఆధారపడిన విద్యుత్ సంస్థనుండి కరెంటు తీసికొని ఫేస్‌బుక్ తన డేటా సెంటరును నిర్మింపబూనగా, గ్రీన్‌పీస్ సంస్థ పూనికతో ఆ ఫేస్‌బుక్ వినియోగదారులే, ఆ వేదికమీదనే, బొగ్గుతో స్నేహము మానుకొమ్మని కోరుట మొదలిడిరి. వారిలో ఎవరును చందా చెల్లించినవారు కారు, ఎవరును వాటాదారులు కారు. అయినను దాదాపు ఏడు లక్షలమంది చేరిన ఆ కోరిక ఇరువది నెలలపాటు చల్లారలేదు. 2011 డిసెంబరులో ఆ కంపెనీ, ఇకమీదట క్రొత్త కేంద్రములకు స్థలము నిర్ణయించునప్పుడు స్వచ్ఛమైన విద్యుత్తు లభించు చోట్లకే మొగ్గు చూపెదనని గ్రీన్‌పీస్‌తో కలిసి ప్రకటించినది. మరుసటి యేడు ఆపిల్ సంస్థయు ఉత్తర కరొలైనాలోని తన కేంద్రమును పూర్తిగ పునరుత్పాదక శక్తితో నడిపెదనని ప్రకటించినది. వినియోగదారులు వేదికను వదలిపోయి సాధించిన విజయము కాదిది. అందుండియే అడిగి సాధించినది.

అయితే నేడు అడుగవలసినది నాడు అడిగినది కాదు. నేడు పెద్ద కంపెనీలు పెక్కు నూటికి నూరుపాళ్లు పునరుత్పాదక శక్తినే వాడుచున్నట్లు గర్వముగ చెప్పుకొనుచున్నవి. ఆ లెక్క మాత్రము సంవత్సరాంతపు లెక్క. ఏడాదిలో వాడిన యూనిట్లెన్నో, ఎక్కడనో ఒకచోట కొన్న సౌర, పవన విద్యుత్తు యూనిట్లన్నియే యైన యెడల, పద్దు సరిపోయినట్లే. కాని సర్వరు అర్ధరాత్రియు తిరుగును, అర్ధరాత్రి సూర్యుడుండడు, అప్పుడు నోయిడా యంత్రమును నడుపునది మధ్యాహ్నము జోధ్‌పూరులో కాసిన యెండ కాదు, ఆ క్షణమున గ్రిడ్డులో నున్న, చాలవరకు బొగ్గునుండి పుట్టిన కరెంటు. కావున మనమడుగవలసిన ప్రశ్న యొక్కటే: మీ యంత్రములున్న చోట, అవి తిరుగుచున్న గంటలలో, మీరు వాడునది ఏ విద్యుత్తు?

ఇది అసాధ్యమైన లెక్కయని ఎవరైన వాదించినచో, వారిని ఒకమారు ఘాజియాబాదులోని ఇందిరాపురమునకో వైశాలికో పిలుచుకొని రావలెను. అక్కడి బహుళాంతస్తుల సముదాయములలో పెక్కింట ప్రీపెయిడ్ మీటరు రెండు ఖాతాలు నడుపుచుండును: నిగమ్ కరెంటున్నంతసేపు ఒక రేటు, అది పోయి, లిఫ్టు నడుమ ఆగి, క్రింద డీజిలు జెనరేటరు గుర్రుమని అందుకొన్న క్షణమునుండి మరియొక రేటు. గ్రిడ్డు యూనిట్లు ఇన్ని, డీజీ యూనిట్లు ఇన్ని యని నెల తిరుగునప్పటికి విడివిడిగ తేలును. డీజీ మీదికి మారినదనగానే ఏసీ కట్టివేయుడని ఇంటిలోని పెద్దలు కేకవేయుట అక్కడ నిత్యకృత్యము. మూలము తెలిసిన మనిషి నడవడి మారుననుటకు ఇంతకన్న నిదర్శనము వలదు. గోడలోని ఆ చిన్న పెట్టె చేయు పనిని లక్షలకోట్ల విలువగల సంస్థలు చేయజాలమనుట నమ్మదగినది కాదు. పైగా గూగుల్ సంస్థ తన క్లౌడు ప్రాంతములవారీగ గంటల ప్రాతిపదికపై ఇట్టి శాతములను ఇప్పటికే ప్రకటించుచున్నది. ఒకరికి సాధ్యమైనది తక్కినవారికి ఏల సాధ్యము కాదు?

అడుగువారిలో అగ్రాసనము సంస్థలది. మనబోటి ఒక్కొక్కరి ఉత్తరము చేరవచ్చును, చేరకపోవచ్చును. టెండరు పత్రములోని ఒక నిబంధనను మాత్రము ఏ కంపెనీయు చదువక మానదు. ఘాజియాబాదు నగర నిగమ్ 2021లో దేశమున మొట్టమొదటి పురపాలక గ్రీన్ బాండ్లను వెలువరించి, మురుగునీటిని శుద్ధిచేసి సాహిబాబాదు పరిశ్రమలకందించు పథకమునకు 150 కోట్ల రూపాయలు సమకూర్చుకొన్నది. పర్యావరణమును చూపి అప్పు తెచ్చుకొనగలిగిన నిగమ్, పౌరసేవల క్లౌడును కొనునప్పుడు ఆ పర్యావరణమునే షరతుగ పెట్టుట న్యాయము కాదా? బ్యాంకులు, విశ్వవిద్యాలయములు, ఆసుపత్రులు, మన తెలుగు రాష్ట్రముల ప్రభుత్వ శాఖలు ఇదే పని చేయవచ్చును. సాధనమును కలదు: మొదటి వేయి లిస్టెడ్ కంపెనీలు పునరుత్పాదక, ఇతర శక్తుల వినియోగమును వేరువేరుగ తెలుపవలెనని సెబీ నిర్దేశించిన నివేదికలు ప్రతి యేటను వెలువడుచున్నవి, వానిని చదివి ప్రశ్నించువారే కరవు.

ఖర్చు పెరుగుననునది మొదటి ఆక్షేపణ. 2017లోనే రాజస్థాన్ భడ్లా వేలములో సౌరవిద్యుత్తు యూనిటు ధర 2 రూపాయల 44 పైసలకు దిగినది. పగటి వేళకు ఈ ఆక్షేపణ నిలువదు. రాత్రివేళ నిలుచును, ఏలయన నిల్వకు ఖర్చగును. ఆ ఖర్చును భరించుటకు స్థిరమైన పెద్ద కొనుగోలుదారు కావలెను. నంద్యాల జిల్లా పిన్నాపురమున గ్రీన్‌కో సంస్థ చేపట్టినట్లు, పగలు ఎండతో నీటిని ఎగువ జలాశయమునకు ఎత్తి రాత్రి దించి విద్యుత్తు తీయు పథకములకు, ఇరువదినాలుగు గంటలు కరెంటు కోరు డేటా సెంటరుకన్న తగిన గిరాకి ఏది? ఇక సందేశములు తగ్గింపుడు, వీడియోలు మానుడు అని సామాన్యునకు నీతి బోధించువారి మాట రెండవది. పొదుపు మంచిదే, కాని శుభోదయపు చిత్రము పంపిన తాతగారిని తప్పుబట్టి, కొలిమిని ఎన్నుకొన్న కంపెనీని ప్రశ్నింపకుండుట నీతి యనిపించుకొనదు.

ఈ మాట తెలుగునేలకు నేడు మరింత అవసరము. గూగుల్ సంస్థ 2025 అక్టోబరు 14న విశాఖపట్టణమున ఐదేండ్లలో 15 వందల కోట్ల డాలర్ల పెట్టుబడితో మహాకేంద్రమును నెలకొల్పెదనని ప్రకటించినది. 2030 నాటికి ప్రతి గంటయు కర్బనరహిత విద్యుత్తుతోనే నడిచెదనని తనకుతాను విధించుకొన్న వ్రతమును ఆ సంస్థదే. వచ్చు పరిశ్రమను స్వాగతించుచునే, ఆ వ్రతము విశాఖలో ఏ గంట ఎంతమేరకు చెల్లినదో యేటేట ప్రకటింపుమని ఒప్పందములోనే వ్రాయించుట రాష్ట్రప్రభుత్వ ధర్మము. వ్రాయింపుమని ప్రభుత్వమును అడుగుట ప్రజల ధర్మము. పునాదులు పడకముందు అడిగిన ప్రశ్న ప్రణాళికను మార్చును. గోడలు లేచిన పిమ్మట అడిగినది ఫిర్యాదుగనే మిగులును.