కొవ్వొత్తి ఐసు

నా చిన్నప్పుడు గుడివాడలో, ఎండాకాలం మధ్యాహ్నం ఐసుబండి గంట వినిపించగానే అమ్మ వీధితలుపు గడియ పెట్టేసేది. "మురిక్కాలవ నీళ్ళతో చేస్తారే అది, గొంతు పట్టేస్తుంది" అనేది. మీ అమ్మలూ ఇదే మాట అని ఉంటారు. ఊరూరా అమ్మలందరూ ఎక్కడ కూడబలుక్కున్నారో మరి! నేను మాత్రం ఖాళీ సీసాలు పట్టుకుని దొడ్డిదారిన వెళ్ళి, పుల్ల ఐసు తిని, నాలిక ఎర్రగా కనపడకుండా నోరు మూసుకుని వచ్చేదాన్ని.

పెళ్ళై, ఇద్దరు పిల్లలు పుట్టి, మావారి ఉద్యోగం మూలంగా జకార్తా వచ్చి పడ్డాక అదే మాట నా నోట్లోకి వచ్చింది. ఇక్కడ ఏడాది పొడుగునా ఉక్కే. ఉంటే వానలు, లేకపోతే ఎండలు. కుళాయి నీళ్ళు ఎవరూ తాగరు, 19 లీటర్ల డబ్బాలు కొనుక్కుంటారు. దాంతో నా భయానికి ఇంకా బలం వచ్చింది. బయట ఏదీ తినకూడదని పిల్లలకి గట్టిగా చెప్పేశాను.

నాలుగేళ్ళ క్రితం ఒకరోజు మా చిన్నది పక్కింట్లోంచి ఆకుపచ్చ ఐసు చప్పరిస్తూ వచ్చింది. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో గడ్డకట్టిన ఐసు. దీన్ని ఎస్ లిలిన్ అంటారు. ఎస్ అంటే ఐసు, లిలిన్ అంటే కొవ్వొత్తి. ఒక కొస కొరికి పీల్చుకుంటూ తినడమే. చాలామంది ఇల్లాళ్ళు ఇంట్లోనే చేసి ఫ్రీజరులో పెట్టి అమ్ముతుంటారు. మా పక్కింటావిడా అంతే. ఒక్కోటి రెండు వేలు! కంగారు పడకండి, ఇక్కడి రూపాయలు. మన లెక్కలో పదో పదకొండో.

ఆ రంగు చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం రంగు కలిపారో, ఏ నీళ్ళు పోశారో అంటూ పిల్ల చేతిలోంచి లాక్కుని చెత్తబుట్టలో పడేశాను. తలెత్తి చూస్తే పక్కింటావిడ తన గుమ్మంలోనే నిలబడి ఉంది. నేనన్నది తెలుగులోనే. కానీ చెత్తబుట్టలో పడేయడానికి భాషేముంది? ఆవిడ ఏమీ అనలేదు, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి చిన్నది అడిగింది. "అమ్మా, ఇబు మన పులిహోర తింటుంది కదా, గారెలు తింటుంది కదా. నేను వాళ్ళ ఐసు ఎందుకు తినకూడదు?"

ఇబు అంటే అమ్మ. ఇక్కడ పెళ్ళైన ఆడవాళ్ళని గౌరవంగా అలాగే పిలుస్తారు. పిల్ల అన్నది నిజమే. ప్రతి పండక్కీ నేను గిన్నెడు పంపిస్తే, ఏ నీళ్ళతో చేశావని ఆవిడ నన్ను ఒక్కసారీ అడగలేదు. ఇంటి వంట అని గొప్పగా చెప్పుకుంటాం. మన దృష్టిలో ఇల్లంటే మన ఇల్లొక్కటేనన్నమాట. ఆ ముక్క అర్థమై నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వెళ్ళి, వచ్చీ రాని ఇండోనేషియా భాషలో మాఫ్ చెప్పాను. క్షమించమనడానికి ఇక్కడ అదే మాట. ఆవిడ నవ్వి, చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. నా అనుమానాలన్నిటికీ అక్కడే జవాబు దొరికింది. నీళ్ళు మాలాగే కొన్న నీళ్ళు. పైగా కొబ్బరిపాలతో కలిపి మరిగిస్తారు. ఆ ఆకుపచ్చ రంగు పాందాన్ ఆకుది. మొగలిపొద జాతిదే, పొడుగాటి ఆకు. మరిగించే పాలలో వేస్తే బాస్మతి అన్నం ఉడుకుతున్న వాసన వస్తుంది. ఐసులో ముక్కలు పనసతొనలు, నునుపుదనం అవకాడోది.

అసలు ఆ కలయిక ఇక్కడ అందరికీ తెలిసిందే. అవకాడో, లేత కొబ్బరి, పనస కలిపి, మంచుముక్కలు వేసి ఇచ్చే దాన్ని ఎస్ తెలెర్ అంటారు. తెలెర్ అంటే మత్తెక్కి తూలడం! 1982లో జరిగిన ఒక పానీయాల పోటీలో మూర్నియాతి విజాయ అనే ఆవిడ దీన్ని చేసి గెలిచారు. ఆ ఏడాదే ఆ కుటుంబం జకార్తాలో చిన్న దుకాణం పెట్టింది. ఇప్పుడు ఎస్ తెలెర్ 77 పేరుతో ఇండోనేషియాలో ఎన్నో ఊళ్ళలో హోటళ్ళున్నాయి. వంటింట్లో మనం చేసేదాన్ని కాలక్షేపం అనేవాళ్ళకి నేను ఈ కథ చెబుతుంటాను.

పక్కింటావిడ నేర్పిన పద్ధతి ఇది. రెండు గ్లాసుల చిక్కటి కొబ్బరిపాలు, గ్లాసు నీళ్ళు, ముప్పావు గ్లాసు పంచదార, చిటికెడు ఉప్పు, ముడివేసిన రెండు పాందాన్ ఆకులు కలిపి సన్నసెగ మీద పెట్టాలి. కలుపుతూనే ఉండాలి, లేకపోతే కొబ్బరిపాలు విరిగిపోతాయి. మరుగు రాగానే చెంచాడు మొక్కజొన్నపిండి చల్లటి నీళ్ళలో కలిపి పోయాలి. ఐసు రాయిలా గట్టిపడకుండా, పంటికి మెత్తగా తగలడానికి ఈ పిండే కారణం. దించి, ఆకులు తీసేసి, పూర్తిగా చల్లారనివ్వాలి. అప్పుడు పండిన అవకాడో ఒకటి వేసి మిక్సీ పట్టాలి. వేడి మీద వేస్తే అవకాడో చేదెక్కుతుంది. చివర్న పనసతొనల ముక్కలు, లేత కొబ్బరి కలిపి ఫ్రీజరులో పెట్టడమే. రంగు ఇంకా కావాలంటే మరో రెండు ఆకులు రుబ్బి, రసం పిండి పాలలో పోస్తారు.

మీకు గొట్టాలు దొరక్కపోతే చిన్న స్టీలు గ్లాసుల్లో పోసి పుల్ల గుచ్చండి. పాందాన్ దొరక్కపోతే ఏలకులు వేయండి. సీసాలో అమ్మే ఆకుపచ్చ సారం మాత్రం కొనకండి. మళ్ళీ మనం భయపడ్డ రంగు దగ్గరికే వెళ్ళినట్టవుతుంది. పుల్లగా కావాలనుకుంటే చింతపండు రసంలో తాటిబెల్లం కరిగించి, వడకట్టి గడ్డకట్టించండి. ఇక్కడ చింతపండుని ఆసం జావా, అంటే జావా పులుపు అంటారు. మన చింతపండు వీళ్ళ సొంతం ఎప్పుడైందో అని నవ్వుకుంటాను.

ఇంట్లో చేసింది కాబట్టి ఆరోగ్యమని నేననను. పంచదార ఎక్కడ వేసినా పంచదారే. మా ఇంట్లో రోజుకి ఒక్కటే. కానీ "వద్దు" అనడం ఎంత తేలికో, ఆ ఒక్క మాటతో పిల్లల చేతిలోదే కాదు, ఎదుటి ఇల్లాలి కష్టాన్ని కూడా ఎలా విసిరేస్తామో నాకు ఆ రోజు తెలిసింది. పిల్లల్ని బయటిదానికి దూరం పెట్టాలనుకుంటే ముందు మనం గరిట పట్టాలి. పక్కింటిది ఏమిటో తెలుసుకోవాలంటే పక్కింటి వంటింట్లోకి వెళ్ళాలి. గుమ్మంలోనే నిలబడి తీర్పు చెప్పేస్తే ఎలా?

పోయినేడు వేసవిలో గుడివాడ వెళ్ళినప్పుడు మా పనసచెట్టు కాయతో, కొబ్బరిపాలతో ఇదే ఐసు చేశాను. అమ్మకి షుగరుంది కాబట్టి సగమే ఇచ్చాను. నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "ఏ నీళ్ళే ఇవి?" అంది.

చెప్పాను. తినేసి, మిగతా సగం ఎవరికిచ్చావని అడిగింది.