పేరు తెలియని పురుగు

ఈ టపా ఒక గాజుతొట్టి గురించి. ద్రాక్షారామంలో, సప్తగోదావరి గుండానికి కూతవేటు దూరంలో కాపురముంటూ ఉప్పునీటి తొట్టి పెట్టుకోవడమేమిటని నవ్వకండి. కాకినాడ నుండి నెలకొకసారి క్యాన్లతో సముద్రపు నీళ్ళు తెచ్చుకొనేవాణ్ణి. గోదావరికి వరద వచ్చిన రోజుల్లో ఆ తీరంలో నీటి ఉప్పదనం పడిపోతుందని, అప్పుడు తేకూడదని అనుభవం మీద తెలిసింది. రెండు చేపలు, నాలుగు నత్తలు, పరాయి గుల్లలో తలదాచుకొనే ఒక పీత. ఇదీ నా సంసారం.

ఒకనాటి రాత్రి దీపం వేసి చూస్తే గాజు గోడల మీద తెల్లని చుక్కలు. నూకలో పదోవంతు ఉండవు. కదులుతున్నాయి, పాకడం కాదు, ఉండి ఉండి గెంతుతున్నాయి. వారం తిరిగేసరికి వందలయ్యాయి. మా బావమరిది ఒకప్పుడు రొయ్యల చెరువులు చేసిన మనిషి. ఫోను చేసి అడిగాను.

“బావగారూ, పామును చూశాక జాతకం అడుగుతామా అండి? కర్ర తియ్యాలి గాని. కాస్త మైలుతుత్తం కలపండి.”

కలిపాను. మూడవనాటికి చుక్కలు లేవు. నత్తలూ లేవు, పీతా లేదు. చేపలు ఓర్చుకొనే రాగి మోతాదును వెన్నెముక లేని జీవాలు ఓర్చుకోలేవట. ఆ కళేబరాలు కుళ్ళి నీరు విషమై, ఐదవనాడు చేపలూ పోయాయి.

మందు వేయక ముందు సీసాలో పట్టి ఉంచిన నీరు కొంత మిగిలింది. భూతద్దం కింద పెట్టి చూశాను. కన్నీటిబొట్టు ఆకారం, ముందు రెండు మీసాలు, ఆడదానికి తోక పక్కన గుడ్ల సంచులు. కాపిపోడ్ అంటారు. అద్దం మీది నాచు తిని బ్రతుకుతుంది, చేపను ముట్టదు. పైపెచ్చు చేపపిల్లలకు అదే ఆహారం. నేను పురుగును చంపలేదు, అన్నపుకుండను పగలగొట్టుకున్నాను.

బావమరిది సామెతకు అప్పుడు సమాధానం దొరికింది. పామైనా సరే, నీరుకట్టెనూ నాగునూ ఒకే కర్రతో కొట్టేవాడు తెలివైనవాడు కాడు. అలాగని చిన్న ప్రాణులన్నీ సాధువులనీ అనను. ఈ కాపిపోడ్ కుటుంబానిదే మంచినీటి సైక్లాప్స్. నారికురుపును మోసుకువచ్చింది అదే. దానికి విరుగుడుగా పనిచేసినవాటిలో ఒకటి తాగే నీటిని గుడ్డతో వడగట్టడం! ఎవరు మోస్తున్నారో తెలిసింది కనుకనే అంత చిన్న ఉపాయం సరిపోయింది. 1996లో చివరి రోగి కనిపించాక, 2000లో మన దేశం ఆ వ్యాధి నుండి విముక్తమైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

మన డెల్టాలో మాత్రం ఇప్పటికీ మందే ముందు. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ రోగం తూర్పుతీరపు రొయ్యల చెరువులను తుడిచిపెట్టింది. అది వైరస్, యాంటీబయాటిక్కులు దాన్ని ఏమీ చేయలేవు. అయినా చెరువుల్లో ఎన్ని సంచులు కుమ్మరించారో! తరువాతి కాలపు శత్రువు ఇ.హెచ్.పి. మరీ మాయలమారి. 2009లో థాయ్‌లాండులో దానికి పేరు పెట్టారు. రొయ్యను చంపదు, ఎదగనివ్వదు. రైతు మేత మారుస్తాడు, మేత కంపెనీని తిడతాడు, కొత్త మందు కొంటాడు. పిల్ల కొనేటప్పుడే పి.సి.ఆర్. పరీక్ష చేయిస్తే తెలిసేది. ఆ పరీక్షకయ్యే ఖర్చు దండగనుకొనేవారే మందుకు అప్పు చేస్తారు. ఇది నాకు ఎన్నటికీ అర్థం కాదు.

చేపల చెరువుల్లో పేను సంగతీ ఇంతే. ఆర్గులస్ అనే ఆ బిళ్ళ పురుగు గుడ్లను చేప మీద పెట్టదు, కర్రలకూ రాళ్ళకూ అంటిస్తుంది. పెద్దవాటికి మందు కొట్టి చేతులు దులుపుకొంటే మళ్ళీ పిల్లలు లేస్తాయి. చెరువులో కర్రలు పాతి, అంటుకున్న గుడ్లతో సహా తీసి ఎండలో ఆరబెట్టే రైతుకు ఆ పురుగు నడత తెలుసునన్నమాట.

తొట్టి మళ్ళీ పెట్టాను. భూతద్దం పక్కనే దారంతో వేలాడుతోంది. గాజు మీద ఆవగింజంత తెల్లని సున్నపు చుట్టలు కనిపిస్తే గొట్టపు పురుగులని పోల్చుకొని వదిలేశాను. ఇంకొకటి మాత్రం అర్ధరాత్రి రాతి కింది నుండి వస్తోంది. గోధుమరంగు, బల్లపరుపు, దీపం పడగానే మాయం. మూడు రాత్రులు కాపలా కాశాను, పేరు దొరకలేదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మైలుతుత్తం పొట్లం మాత్రం బావమరిదికి తిరిగి ఇచ్చేశాను.