వెన్ను తొంగి చూసిందా? కోసేయండి!

దసరా దాటేసరికి బీళ్లలో గడ్డి నడుమెత్తు పెరిగి ఉంటుంది. ఇంకో పదిహేను రోజులు ఆగితే కట్టలు ఇంకొన్ని ఎక్కువ వస్తాయి కదా అనిపిస్తుంది. నిజమే, వస్తాయి. కానీ వాటిలో బలం తగ్గిపోతుంది.

అంజన్ గడ్డైనా, రోడ్స్ గడ్డైనా వెన్ను (కంకి) వేసేదాకా ఆకు పెడుతుంది. ఆ తర్వాత సత్తువంతా గింజకే. కాడ పుల్లలా గట్టిపడుతుంది. పొట్ట మీద ఉన్నప్పుడు, లేదా వెన్నులు అక్కడక్కడా తొంగి చూస్తున్నప్పుడు కోస్తే, బాగా పెరిగిన గడ్డిలో 8 నుంచి 10 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి. గింజ రాలాక కోస్తే అది వరిగడ్డికి దగ్గరవుతుంది. వరిగడ్డిలో ఉండేది 3, 4 శాతమే. ఆ లోటు పూడ్చడానికి దాణా బస్తా కొనాల్సిందే.

కోసేముందు ఫోన్ తీయండి. మేఘదూత్ యాప్‌లో రాబోయే 5 రోజుల వాతావరణం జిల్లాల వారీగా చూడొచ్చు. వరసగా మూడు రోజులు పొడిగా ఉందంటే మొదలుపెట్టేయండి. మంచు ఆరాక కోయాలి. మొదలు అర జానెడు వదిలితే మళ్లీ త్వరగా చిగురిస్తుంది. పలచగా పరిచి, రోజుకోసారైనా తిరగేయండి.

కోసినప్పుడు గడ్డిలో 70, 80 శాతం నీరే. కట్ట కట్టేనాటికి అది 15 శాతం దగ్గరికి రావాలి. కొలిచే మీటర్ లేదా? సీసాలో సగందాకా తరిగిన గడ్డి, ఒక చెంచా పొడి ఉప్పు వేసి, మూత బిగించి రెండు నిమిషాలు ఊపండి. ఉప్పు ముద్ద కడితే ఇంకో ఎండ కావాలి. పొడిపొడిగా రాలితే బేలర్‌ని పిలవొచ్చు. అలాగని మరీ పెళుసెక్కనివ్వొద్దు. బలమున్న ఆకంతా పొడై పొలంలోనే రాలిపోతుంది.

"బేలర్ ఇవాళే దొరికింది, మళ్లీ రాదు" అని పచ్చి మీద మాత్రం చుట్టించొద్దు. లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుడుతుంది, బూజు పడుతుంది. పెద్ద కుప్పైతే కొన్ని వారాల్లో దానంతటదే అంటుకోవచ్చు కూడా. కొత్త కుప్పలోకి ఇనుప చువ్వ గుచ్చి, కాసేపుంచి తీయండి. చెయ్యి పెట్టలేనంత కాలితే ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టే. బూజు పట్టిన గడ్డి చూడి పశువులకు అసలు వేయొద్దు.

కొనేవాళ్లూ ఒక కట్ట విప్పించి చూడండి. పైన ఎండకి వెలిసినా ఫర్వాలేదు. లోపల లేత ఆకుపచ్చ రంగు, తియ్యటి వాసన ఉంటే డబ్బులివ్వండి.