సింగడి తప్పేమిటి?

"ఎడారిలో చూడ్డానికి ఏముంటుందమ్మా?" అన్నారు అత్తయ్యగారు.

"ఏమీ వుండదండీ. అందుకే వెళుతున్నాం" అన్నాను.

ఆవిడ నా వంకా, నా కాళ్ళ దగ్గర పడుకున్న సింగడి వంకా మార్చి మార్చి చూశారు. "సరిపోయింది. సింగడు అద్దంకి వెళ్ళినట్టే!" అని కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

ఆ సామెత మీ అందరికీ తెలిసిందే. వెనకటికో ఆసామి రాత్రి భోంచేస్తూ, పొద్దున్నే సింగణ్ణి అద్దంకి పంపాలని భార్యతో అన్నాడట. ఆ మాట చెవినపడ్డ సింగడు తెల్లారేలోగా పోనూ పోయాడు, రానూ వచ్చాడు. ఏం పనో అడగలేదు, ఏ పనీ చక్కబెట్టుకు రాలేదు. అప్పట్నుంచీ తెలుగువాళ్ళందరం వాణ్ణి చూసి నవ్వుతూనే వున్నాం. నాకు మాత్రం ఆ సింగడంటే మొదట్లో జాలిగా వుండేది, ఈమధ్య అసూయగా వుంటోంది. చల్లగాలిలో, చంకన మూట లేకుండా, ఎవరికీ లెక్క చెప్పాల్సిన పని లేకుండా అద్దంకి దాకా నడిచి వచ్చిన మనిషి మన దేశంలో వాడొక్కడే! మా కుక్కకి ఆ పేరు పెట్టింది అందుకే.

మన యాత్రలెలా వుంటాయో వేరే చెప్పాలా? తెల్లవారుజామున మూడింటికి లేపుతారు. చన్నీళ్ళో వేణ్ణీళ్ళో కుమ్మరించుకుని బస్సెక్కాలి. దర్శనమైందా? అయింది. ఫోటో తీశారా? తీశాం. ఎక్కండి, ఎక్కండి! తొమ్మిది రోజుల్లో కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య, మధ్యలో టైముంటే ఆగ్రా. ఇల్లు చేరాక సెలవుల అలసట తీర్చుకోవడానికి మళ్ళీ రెండు రోజులు సెలవు. ఎక్కడికి వెళ్ళొచ్చారన్న వాళ్ళకి వరసగా పేర్లు అప్పజెబుతాం, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు. అసలు ఎక్కడైనా కూర్చున్నారా అని అడిగితే నోట మాట రాదు.

ఈ హడావుడిలో ముందుగా వదిలేసేది ఇంట్లో కుక్కని. "పది రోజులేగా, హాస్టల్లో పడేస్తే సరి" అంటారు. నేనూ అన్నాను. దాచుకోవడమెందుకు? సింగడికి ముందు మాకు రాణి అనే కుక్క వుండేది. మా అమ్మాయి చదువు పని మీద అమెరికా వెళుతూ, కుక్కల్ని వుంచుకునే ఒకచోట దాన్ని మూడు వారాలు వదిలాం. డబ్బు కట్టాం, దుప్పటి ఇచ్చాం, తినే బిస్కెట్లు ఇచ్చాం. తిరిగొచ్చేసరికి పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు వుంది. వాళ్ళు కొట్టలేదు, తిట్టలేదు, వేళకి గిన్నెలో అన్నం పెట్టారు. అదే తినలేదు. ఇంటికొచ్చాక మూడు రోజులు నా మొహం చూడలేదు. నాలుగో రోజు దగ్గరికొచ్చి, ఏమీ జరగనట్టు ఒళ్ళో తల పెట్టుకుంది. ఆ మర్నాటి ఎండాకాలం పోయింది, వయసైపోయింది లెండి. కానీ ఆ మూడు రోజులూ అది గోడకేసి తిరిగి పడుకున్న తీరు నేనింతవరకూ ఏ నవల్లోనూ రాయలేకపోయాను.

ఇక సింగడి కథ. మాది జూబ్లీహిల్స్‌కీ ఫిలింనగర్‌కీ మధ్య ఒక సందు. ఇక్కడ చెట్ల కింద ఆవులు కాదు, కారవాన్లు నిలబడి వుంటాయి. పొడుగాటి బస్సు, లోపల సోఫా, అద్దం చుట్టూ దీపాలు, ఏసీ, స్నానాలగది, బయట బుర్రుమనే జనరేటరు. ఏళ్ళ క్రితం ఏదో షూటింగు కోసం ఒక కుక్కపిల్లని తెచ్చారు. రెండు రోజులు దానిచేత పరుగులు పెట్టించుకున్నారు. మూడోరోజు లైట్లు, గొడుగులు, కుర్చీలు లెక్కపెట్టుకుని మరీ సర్దుకున్నారు. కుక్క ఎవరి లెక్కలోనూ లేదు. అది కారవాన్ కింద నీడలో పడుకుని వుంది. బండి కదిలితే వెంట పరిగెత్తింది. మలుపు దగ్గర ఆగిపోయి మా గేటు ముందు కూలబడింది. బండి కింద నడిచే కుక్క ఆ బండిని తానే మోస్తున్నాననుకుంటుందని ఇంకో సామెత వుంది కదా, పాపం, దీనికి ఆ భ్రమ రెండు రోజులకే తీరింది.

సన్నటి నడుము, పొడుగాటి కాళ్ళు, కోల మొహం చూసి పశువుల డాక్టరు, "ఇది మన దక్కను జాతమ్మా. ముధోల్ కుక్క అంటారు. పల్లెల్లో కారవానీ అంటారు" అన్నాడు. ఇంగ్లీషులో దీని పేరు కారవాన్ హౌండ్. బిడారులతో పాటు నడిచొచ్చిన జాతి అని ఆ పేరు. 2005లో మన తపాలా శాఖ దేశవాళీ కుక్కల మీద బిళ్ళలు వేసినప్పుడు వాటిలో ఇదీ వుంది. కారవాన్ కుక్కని కారవాన్ వాళ్ళే వీధిలో వదిలిపోయారన్నమాట!

అసలీ వూరిలో కారవాన్ అన్నమాటకి ఎంత చరిత్రని? గోల్కొండ పక్కనున్న కార్వాన్ పేటకి ఆ పేరు వర్తకుల బిడారులు దిగడం వల్లనే వచ్చింది. మా పక్కనున్న బంజారాహిల్స్ ఎవరి పేరనుకున్నారు? ఎద్దుల మీద ఉప్పూ, ధాన్యం వేసుకుని దక్కనంతా తిరిగిన లంబాడీలది. రాజస్థాన్ ఎడారి వైపునుంచి పిల్లాజెల్లాతో, గొడ్డూగోదాతో, కుక్కలతో సహా నడిచొచ్చారు. ఇంటిల్లిపాదీ కదిలితే అది బిడారు. ఇవాళ అదే కొండల మీద కారవాన్ అంటే ఒక్కరు లోపల కూర్చుని తలుపేసుకునేది. కిటికీలకు నల్లద్దాలు. ఎంత పెద్ద కారవానో అంత పెద్ద మనిషి!

నాకు ఆ బండి మీద కోపం లేదు. ఒకప్పుడు అవుట్‌డోర్‌లో ఆడమనిషి చీర మార్చుకోవాలంటే నలుగురు దుప్పటి పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. ఒంటేలుకి వెళ్ళాలంటే పొద్దుగూకాలి. ఆ బాధ తెలిసినవాళ్ళెవరూ కారవాన్ని తప్పుపట్టరు. గుంపులో నిలబడే ఆడపిల్లలకి ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదన్నదే నా ఫిర్యాదు, అది ఇంకో వారం రాస్తాను.

తెలిసిన ప్రొడక్షన్ మేనేజర్ని అడిగాను, పదిహేను రోజులు అలాంటి బండి ఒకటి అద్దెకిప్పించమని. "ఎక్కడికండీ?" అన్నాడు. "కచ్ ఎడారికి. మేం ముగ్గురం, మా కుక్క." ఆయన పకపకా నవ్వి, "అమ్మగారూ, అది తిరగడానిక్కాదండీ, నిలబెట్టడానికండీ" అన్నాడు. పక్కనే టైరు తుడుస్తున్న డ్రైవరు అందుకున్నాడు. "అరకు పోయినం, ఊటీ పోయినం. హీరోగారు ఇమానంల వస్తడు. ఖాళీ బండే పోతది, ఖాళీ బండే వస్తదమ్మా" అన్నాడు.

ఖాళీగా ఊటీ వెళ్ళొచ్చే బండిని చూసి ఎవరూ నవ్వరేం? సింగణ్ణి చూసి మాత్రమేనా నవ్వడం?

కేరళ, మహారాష్ట్ర ప్రభుత్వాలు రెండూ 2021లో కారవాన్ యాత్రలకంటూ విధానాలు ప్రకటించాయి. అమెరికాలో అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న వూరుంది. చలికాలం వస్తే అక్కడి ఎడారిలో చక్రాల ఇళ్ళు వేలకొద్దీ దిగుతాయట. ముసలీముతకా కుక్కనీ పిల్లినీ వెంటేసుకుని ఎండ కాచుకుంటారు. అంతదూరం ఎందుకు, మేడారం జాతరకి ఎడ్లబళ్ళ మీద వెళ్ళి వారం పది రోజులు చెట్ల కింద కాపురం పెట్టేవాళ్ళు మనవాళ్ళు కారూ? పొయ్యీ బండి మీదే, పసిపిల్లా బండి మీదే, కోడీ బండి మీదే. కుక్క బండి కింద నీడలో నడిచేది. "తిండికి లేనివాళ్ళు లక్షలమంది వుండగా కుక్కకి విహారమా?" అని నన్ను దులిపేసేవాళ్ళకి నా జవాబు అదే. మేకల మందతో వూళ్ళు మారే గొల్లకురుమలు ఏనాడైనా కుక్కని వదిలి కదిలారా? కుక్కని వదిలి వెళ్ళడం డబ్బున్నవాళ్ళ అలవాటు.

రైల్లో వెళ్ళొచ్చుగా అంటారు. వెళ్ళొచ్చు. కుక్కని వెంట కూర్చోబెట్టుకోవాలంటే ఫస్టు క్లాసులో కూపే మొత్తం మనమే తీసుకోవాలి. లేకపోతే గార్డు పెట్టెలో ఇనప బోనులో పడేస్తారు, సామానుతో పాటు. నేను సామాను తీసుకెళ్ళడం లేదు, సింగణ్ణి తీసుకెళుతున్నాను.

చివరికి ముగ్గురు పడుకునే చిన్న బండి ఒకటి దొరికింది. అద్దె తక్కువేం కాదు, ఆ యేడు కొత్త సోఫా మానుకున్నాం. మావారే నడిపారు. రోజుకి రెండొందల యాభై కిలోమీటర్లు మించకూడదనీ, సాయంత్రం నాలుగు దాటాక చక్రం కదలకూడదనీ ఒప్పందం. షోలాపూర్, పూణే, సూరత్, అహ్మదాబాద్ మీదుగా పదిహేను వందల కిలోమీటర్ల పైచిలుకు దారి ఏడు రోజులు పట్టింది. రెండు గంటలకోసారి సింగడు దిగాలి, వాసన చూడాలి. వాడితో పాటు మేమూ దిగేవాళ్ళం. షోలాపూర్ దాటాక జొన్నచేలో కూర్చుని ఒక ముసలావిడ పెట్టిన రొట్టె తిన్నాం. ఆ చేను ఏ గైడు పుస్తకంలోనూ లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. రేబిస్ టీకా కాగితం చేతిలో వుంచుకోండి. చలికాలమే కదా అని ఎండలో మూసిన బండిలో కుక్కని వదిలి కాఫీకి వెళ్ళకండి, లోపల పొయ్యి అయిపోతుంది. కచ్‌లో డిసెంబరు రాత్రుళ్ళు పది డిగ్రీలకు అటూయిటూగా వుంటాయి. పలచటి బొచ్చు కుక్క వణికిపోతుంది. మావారి పాత స్వెటరు చేతులు కత్తిరించి తొడిగాను. (ఆ సంగతి ఆయనకి ఈ వ్యాసం చదివితేగాని తెలియదు.) సింగడిది చూపుతో వేటాడే జాతి. దూరాన ఏది పరిగెత్తినా వీడి ఒళ్ళు విల్లులా వంగుతుంది. అందుకే అడవి గాడిదల అభయారణ్యం వైపు వీడితో వెళ్ళనేలేదు. ఆ భూమి వాటిది.

రణ్ అంటే ఇసక ఎడారి కాదు. వానాకాలంలో నీళ్ళు నిండి, చలికాలానికి ఎండిపోయి, ఉప్పు పేరుకుపోయిన నేల. ధోర్డో అనే పల్లెనుంచి లోపలికి వెళ్ళాలి, అనుమతి చీటీ వుండాలి. 2023లో ఆ వూరిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మేలైన పల్లెల్లో ఒకటిగా ఎంచింది. గుడారాలు, పాటలు, జనం, అంతా సందడే. మేం ఆ సందడి కాస్త వెనకపడేదాకా నడిచాం. సింగడు ఉప్పు మీద ఒక కాలు పెట్టి, ఎత్తి, నా మొహం చూశాడు. తర్వాత నాకాడు. నాకనివ్వకూడదు, కడుపు పాడవుతుంది. ఉప్పు కరుకుకి పాదాలు చీరుకుంటాయి. తిరిగొచ్చాక నాలుగు పాదాలూ మంచినీళ్ళతో కడిగి కొబ్బరినూనె రాశాను. ఆ రోజు చేసిన పని మొత్తం అదే. మిగతా పొద్దంతా ముగ్గురం బండి నీడలో కూర్చున్నాం. నాలుగోవాడు బండి కింద పడుకున్నాడు. మా అమ్మాయి ఫోన్ బండిలో పెట్టి వచ్చి, మూడేళ్ళలో మొదటిసారి నాతో గంటసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో రాయను.

ఖావడా నుంచి ధోలావీరా వెళ్ళే రోడ్డు రణ్ మధ్యనుంచి సాగుతుంది. రెండు పక్కలా తెల్లటి ఉప్పు, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. దానికి జనం పెట్టుకున్న పేరు 'స్వర్గానికి దారి'. నాకు ధర్మరాజు గుర్తొచ్చాడు. మహాభారతం జనమేజయుడి తమ్ముళ్ళు సరమ కొడుకుని, ఒక కుక్కపిల్లని, అకారణంగా కొట్టడంతో మొదలై, కుక్కని వదిలి రథమెక్కనన్న ధర్మరాజుతో ముగుస్తుంది. ఇంద్రుడు పెట్టిన షరతు మా అపార్ట్‌మెంట్ల బోర్డు మీద వుండేదే: కుక్కలకు ప్రవేశం లేదు. "ఆ కుక్క యమధర్మరాజండీ, మామూలు కుక్క కాదు" అంటారు పండితులు. ఆ సంగతి ఎక్కనన్నప్పుడు ఆయనకి తెలియదు కదా!

ధోలావీరా 2021లో ప్రపంచ వారసత్వ స్థలమైన హరప్పా నగరం. గేటు దగ్గర మావారు సింగణ్ణి పట్టుకుంటే మేం లోపలికెళ్ళాం, మేం పట్టుకుంటే ఆయన వెళ్ళారు. రాతిలో తొలిచిన ఆ నీటి తొట్లు చూశాక ఇంకేమీ చూడబుద్ధి కాలేదు. చూడలేదు కూడా. భుజ్‌లో అద్దాలమహల్ చూడలేదని నన్ను చివాట్లు పెట్టిన స్నేహితురాళ్ళు ఇప్పటికి ముగ్గురు.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు అడిగారు, "ఏం చూశారమ్మా?" అని. చెప్పబోయేలోగా వాచ్‌మన్ అందుకున్నాడు: "సింగడు మస్తు తెల్లగయిండమ్మా!" నిజమే, మూతి నెరిసింది. తొమ్మిదేళ్ళొచ్చాయి. ఈ జాతి బతికేది పది పన్నెండేళ్ళు. ఇక ఎన్ని చలికాలాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. వచ్చే డిసెంబరుకి బండి ఇప్పుడే మాట్లాడి పెట్టమన్నాను మావారిని. ఎక్కడికని ఆయన అడగలేదు.

మర్నాడు పొద్దున్న మామూలుగా సందులో నడకకి తీసుకెళ్ళాను. కొత్త కారవాన్ ఒకటి దిగింది, పాతదానికంటే పొడుగు. జనరేటరు నడుస్తోంది, లోపల ఎవరూ లేరు. సింగడు ఆగాడు. వెనక టైరు దగ్గరికెళ్ళి చాలాసేపు వాసన చూశాడు. చూసి, కాలెత్తాడు.

డ్రైవరు చూశాడు గానీ ఏమీ అనలేదు.